గాలం, విల్లు, వేట: కర్నూలులో ఉండి ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇది: కర్నూలులో ఉద్యోగం, వయసు ముప్పై దాటింది, సొంతూరు నంద్యాల వైపు. తాతల కాలంలో ఇంట్లో విల్లు, గాలాలు ఉండేవి, ఇప్పుడు నేర్పేవాళ్ళు లేరు. వేట, చేపలు పట్టడం, పాతకాలపు విలువిద్య, మూడూ జీవితాంతం చేసుకునేలా నేర్చుకోవాలి. ముందు ఏది పట్టుకోవాలి, ఏం కొనాలి, తొమ్మిదేళ్ళ కొడుకును కలుపుకోవచ్చా?

సూటిగా చెప్తాను. గాలంతో మొదలుపెట్టండి. ఆరు నెలలు పోయాక విల్లు పట్టండి, అదీ గోనెసంచి గురి మీదికే. అడవి జంతువుల వేట మాత్రం వదిలేయండి, దానికి ఇప్పుడు దారి లేదు. ఈ వరుస ఎందుకంటే, గాలానికి వెదురు కర్ర, దారం, కొక్కెం చాలు, తప్పు చేసినా పోయేది ఒక చేప. విల్లు దగ్గర తప్పు చేస్తే భుజం పోతుంది, లేదా విల్లు విరిగి మొహాన కొడుతుంది.

ముందు వేట సంగతి ముగిద్దాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ వేటను నిషేధించింది. చట్టం దృష్టిలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు పన్నడం, వల కట్టడం, తరమడం, ఎర పెట్టడం, గుడ్లు తీయడం, వీటిలో దేనికి ప్రయత్నించినా వేట కిందికే వస్తుంది. కుందేలు, కౌజు పిట్ట చిన్నవే కదా అనుకోవద్దు, అవీ చట్టం కాపాడే జంతువుల జాబితాలో ఉన్నాయి. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక మామూలు నేరానికి మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. కృష్ణజింక లాంటి, చట్టంలోని మొదటి షెడ్యూలు (జాబితా) జంతువైతే మూడు నుంచి ఏడేళ్ళు. అడవి పంది చేను తొక్కేసినా, అధికారం ఉన్న అటవీ అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా దాన్ని ముట్టుకోకూడదు. పంట నష్టానికి పరిహారం అర్జీ పెట్టుకోవడమే పద్ధతి. చేనికి కరెంటు తీగ పెట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ తీగకు పందికంటే ముందు రాత్రి నీళ్ళు కట్టడానికి వెళ్ళే మనిషి దొరుకుతాడు.

ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం, గుండ్ల బ్రహ్మేశ్వరం, రోళ్ళపాడు, కడప వైపు లంకమల్ల, వీటి హద్దుల్లోకి అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టడమే నేరం. బొమ్మ గురికి వాడే విల్లయినా సరే, కారు డిక్కీలో పెట్టుకుని ఆ దారిన వెళ్ళకండి. నల్లమల చెంచులకు విల్లు తరతరాల వస్తువు. అహోబిలం నరసింహస్వామి పారువేట ఉత్సవంలో స్వామి పల్లకి ఎదుట వాళ్ళు బాణం వేసే ఆచారం ఉంది, కనుమ నాడు చూడొచ్చు. ఆ విల్లు పట్టే తీరు, బాణం కూర్చే తీరు కళ్ళారా చూసి నేర్చుకోండి. అంతే గానీ అడవిలోకి తీసుకెళ్ళమని వాళ్ళను అడిగి చిక్కుల్లో పెట్టకండి.

వేటగాడి విద్యలో చంపడం కాని భాగం చాలా ఉంది, అది ఎవరూ అడ్డుకోరు. జాడ చదవడం. నల్లరేగడి చేలలో, వంకల ఇసుకలో తెల్లవారుజామున నడిచి చూడండి. కుక్కజాతి అడుగులో గోళ్ళ గుర్తులు పడతాయి, పిల్లిజాతి అడుగులో పడవు. మెత్తటి నేలలో పంది గిట్టల వెనక పక్కలకు రెండు చిన్న గుంటలు కనిపిస్తాయి, మేక, గొర్రె అడుగులో సాధారణంగా అవి ఉండవు. జాడ అంచు పదునుగా ఉంటే తాజాది, అంచు రాలి లోపల గాలిదుమ్ము చేరితే పాతది. జాడ మీద మంచు పడిన చుక్కలుంటే రాత్రి పోయింది, మంచును చెరిపేసి ఉంటే పొద్దున పోయింది. చేను యజమానికి చెప్పి వెళ్ళండి, అంతే.

ఇక గాలం. మొదట అనుమతి. చెరువు చేపల హక్కు సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘానికో, వేలంలో పాడుకున్నవాళ్ళకో ఉంటుంది. చేపపిల్లల్ని వదిలింది, కాపలా కాసింది వాళ్ళు. గాలమే కదా అని చెప్పకుండా కూర్చుంటే అది దొంగతనమే. సంఘం పెద్దను కలిసి అడిగితే గాలానికి కాదనేవాళ్ళు తక్కువ, కొందరు రోజుకింత అని తీసుకుంటారు. గాజులదిన్నె, వెలుగోడు, అవుకు, మైలవరం లాంటి జలాశయాలకు జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో లైసెన్సు సంగతి, చేపలు పట్టకూడని నెలల సంగతి అడగండి. తోటాలు పేల్చడం, నీళ్ళలో మందు కలపడం 1897 మత్స్య చట్టం నాటి నుంచే నేరం. కరెంటు పెట్టేవాళ్ళ పక్కన కూడా కూర్చోకండి.

కర్ర మూడున్నర, నాలుగు మీటర్ల సన్న వెదురు. నీడలో నెల రోజులు ఆరబెట్టి, వంకరలుంటే నిప్పు సెగకు చూపించి సరిచేయాలి. దారం పొడవు కర్ర పొడవుకు జానెడు తక్కువ ఉండాలి. అప్పుడే కర్ర ఎత్తితే చేప నేరుగా చేతికొస్తుంది. పరిగెలకు, చిన్న తిలాపియాకు 0.20 మి.మీ. నైలాన్ దారం, 12 నంబరు కొక్కెం. రాహుకు, ఎర్రమోసుకు (మృగాల చేప) 0.35 మి.మీ. దారం, 6 నంబరు. నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది, అంగట్లో చాలామంది దీన్ని తిప్పి అనుకుంటారు. కొత్తవాళ్ళకు చేప పడకపోవడానికి నేను ఎక్కువగా చూసే కారణం పెద్ద కొక్కెమే. దారం కొక్కేనికి కట్టేటప్పుడు ఐదారు చుట్లు చుట్టి, బిగించే ముందు ఉమ్మితో తడపండి. పొడిగా లాగితే రాపిడికి వేడెక్కి ముడి దగ్గర దారం బలం పోతుంది, పెద్ద చేప పడిన రోజే అక్కడ తెగుతుంది.

దారానికి కట్టి నీటిపైన తేలనిచ్చే బెండు అంగట్లో కొననక్కరలేదు. ఎండిన జొన్న దంటు తోలు తీసి లోపలి బెండు రెండంగుళాల ముక్క కోసుకోండి. రంగు వేస్తే నీళ్ళు పీల్చదు. కొక్కేనికి జానెడు పైన సీసం గుండు నొక్కాలి. బెండులో మూడోవంతు మాత్రమే నీటిపైన తేలేలా సీసం సరిచూసుకోండి. ఎక్కువ తేలితే చేప ఎర నోట్లో పెట్టుకోగానే బరువు తగిలి వదిలేస్తుంది.

లోతు పెట్టడం మీదే సగం పని ఉంటుంది. బొచ్చె పై నీళ్ళలో మేస్తుంది, రాహు నడుమ, ఎర్రమోసు అడుగున. మూడింటినీ ఒకే చెరువులో కలిపి పెంచేది అందుకే. ముందు కొక్కేనికి బరువు సీసం కట్టి దించి అడుగు కొలవండి. ఎర్రమోసు కావాలంటే ఎర అడుగుకు రెండు వేళ్ళు పైన ఉండేలా బెండు జరపండి. రాహుకు లోతులో సగం దగ్గర మొదలుపెట్టి, పావుగంటకోసారి జానెడు దించుతూ వెళ్ళండి.

ఎరకు మన దగ్గర చెనిక్కాయ చెక్కను మించింది లేదు. వంద గ్రాముల చెక్క పొడిని మంచి వాసన వచ్చేదాకా పొడిగా వేయించి, వంద గ్రాముల గోధుమపిండి, యాభై గ్రాముల తవుడు కలపండి. నీళ్ళు చల్లుకుంటూ చపాతీ పిండికంటే కొంచెం గట్టిగా పిసికి, చిటికెడు దూది పీచులుగా కలిపి ఇరవై నిమిషాలు తడిగుడ్డలో ఉంచాలి. దూది లేకపోతే విసిరినప్పుడే ఉండ ఊడిపోతుంది. బూజు పట్టిన చెక్క వాడకండి. చిన్న చేపకు శనగగింజంత, పెద్దదానికి ఉసిరికాయంత ఉండ. పరిగెలకు, జెల్లలకు ఎర్రలు మంచివి. పాత పేడదిబ్బ అడుగున తవ్వి, తడిమట్టి పోసిన కుండలో నీడన ఉంచితే వారం బతుకుతాయి.

బెండు టకటకా వణికితే తిలాపియానో పరిగో పొడుస్తోంది, ఆగండి. రెండుసార్లు తల ఊపి పక్కకు జారుతూ మునిగితే రాహు. అప్పుడు మణికట్టుతో ఒక్క ఊపు, అంతే. భుజమంతా పెట్టి లాగితే పెదవి చిరిగి పోతుంది. పెద్ద చేప పడితే కర్ర నిలువుగా పట్టి దాన్ని అలసిపోనివ్వండి. కర్రను చేప వైపు వంచారంటే బరువంతా దారం మీద పడుతుంది.

ఎండాకాలం పొద్దున ఎనిమిదిన్నర దాకా, సాయంత్రం ఐదు తర్వాత. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే అది మేత కాదు, నీటిలో ఆక్సిజన్ తగ్గి గాలి కోసం పడే బాధ. ఆ రోజు గాలం వేసినా దండగే. గాలి కొట్టే గట్టు వైపు మేత చేరుతుంది, చాలామంది దానికి ఎదురు గట్టున కూర్చుంటారు. తూము దగ్గరికి, మరువ పారే చోటికి మాత్రం వెళ్ళకండి. కె.సి. (కర్నూలు-కడప) కాలువ గట్టున సిమెంటు వాలు పాచి పట్టి ఉంటుంది, జారితే ఈత వచ్చినా ఎక్కలేరు. సుంకేసుల బ్యారేజీ కింద బండల మీద కూర్చోవడం ఇంకా ప్రమాదం, గేట్లు ఎత్తితే నీళ్ళు నిమిషాల్లో వస్తాయి.

కొర్రమీను దారి వేరు. అది గాలి పీల్చడానికి పైకి వచ్చి పోతుంటుంది, బుడగ లేచిన చోటు గుర్తుపెట్టుకోండి. రీలున్న కర్ర, బలమైన దారం, ఎరగా రబ్బరు కప్ప కావాలి. నాచు అవతలికి విసిరి పైపైన లాగుతూ రావాలి. పెట్టేల్మని పైకెగిరి పట్టుకోగానే లాగకండి. ఒకటి, రెండు అనుకుని అప్పుడు కొట్టండి, లేకపోతే కప్ప ఒక్కటే తిరిగి వస్తుంది. వానాకాలంలో నీటిపైన ఎర్రటి పిల్లల గుంపు కదులుతూ కనిపిస్తే కింద తల్లో తండ్రో కాపలా ఉన్నట్టు. దాన్ని పట్టారంటే ఆ గుంపును మిగతా చేపలు పూటలో తినేస్తాయి. అక్కడ గాలం వేయకండి.

జెల్లను వీపు ముల్లు, పక్క ముళ్ళు వేళ్ళ మధ్యకు వచ్చేలా తల వెనక పట్టాలి. ఇంగిలాయి ముల్లు విషం, గుచ్చితే చెయ్యంతా మండుతుంది. ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో అరగంటకు పైగా చెయ్యి ఉంచితే నొప్పి దిగుతుంది, వాపు మోచేయి దాటితే డాక్టరు దగ్గరికే. ఆఫ్రికా మార్పు చేప (ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్) పడితే తిరిగి నీళ్ళలో వదలకండి, మిగతా చేపలను తినేస్తుంది, దాన్ని పెంచడమే మన దేశంలో నిషేధం. తాబేలు పడితే మాత్రం దారం కోసి వెంటనే వదిలేయాలి.

ఉంచుకునే చేపను కళ్ళ వెనక ఒక్క దెబ్బ కొట్టి చంపి, మొప్ప కోసి రక్తం పోనిచ్చి, ఐసు పెట్టెలో పెట్టండి. మన ఎండలో బకెట్‌లో తన్నుకుని చచ్చిన చేప ఇంటికి చేరేసరికి మెత్తబడి ఉంటుంది. తినని చేపను తడిచేత్తో పట్టుకుని నీళ్ళలోనే వదలండి. పొడిచేయి దాని ఒంటి జిగురును తీసేస్తుంది, ఆ చోట పుండు పడుతుంది.

విల్లు సంగతికొద్దాం. మొదటి విల్లు లాగుడు బలం తొమ్మిది నుంచి పదకొండు కిలోలు, అంతకంటే ఒక్క కిలో ఎక్కువ వద్దు. జిమ్‌కు వెళ్ళే కుర్రాళ్ళు ఇరవై కిలోల విల్లు అడుగుతారు. లాగగలరు, కానీ చెంప దగ్గర ఆపలేరు. ఆపలేని విల్లుతో గురి రాదు, మూడు నెలల్లో భుజం నొప్పితో మానేస్తారు. మన జాతీయ పోటీల్లో ఇండియన్ రౌండ్ అని వెదురు విల్లుకు వేరే విభాగమే ఉంది, 50, 30 మీటర్ల దూరాల్లో వేస్తారు. ఆ రకం విల్లు క్రీడా సామాన్ల అంగళ్ళలో దొరుకుతుంది, మొదటిది కొనుక్కోండి. రెండోది మీరే చేసుకోండి.

చేయడానికి సాధనపు వెదురు, అంటే లోపల గుల్ల తక్కువగా ఉండే రకం. అడవిలో కొట్టకండి, మేదరవాళ్ళ దగ్గర కొనండి. మూడు నాలుగేళ్ళ బొంగు కావాలి, లేతది వంగి అలాగే ఉండిపోతుంది. చలికాలంలో కొట్టినదైతే పుచ్చు పురుగు తక్కువ. నిలువునా చీల్చి 165 సెం.మీ. పొడవు, నడుమ 4 సెం.మీ. వెడల్పు, కొనల దగ్గర ఒకటిన్నర సెం.మీ. ఉండే బద్ద తీయండి. నడుమ నుంచి రెండు వైపులా కణుపులు దాదాపు ఒకే దూరంలో పడేలా చూసుకోవాలి. బయటి పచ్చతోలు గురి వైపు ఉండాలి. ఆ తోలు మీద కత్తి పెట్టకూడదు, లాగినప్పుడు సాగే బలమంతా అక్కడే ఉంది. గీకేదంతా లోపలి వైపే. అంచులు గుండ్రంగా రుద్దాలి, పదునైన అంచు నుంచే పేడు లేస్తుంది.

గీకడం గాజుపెంకుతోనో, పదునైన కత్తి అడ్డంగా పట్టుకునో చేయాలి. పదిసార్లు గీకి, ఇరవైసార్లు కొద్దిగా లాగి చూడాలి. బద్దకు కొత్త వంపు అలవాటు కావాలి, అందుకే తొందరపడకూడదు. గోడకు మేకు కొట్టి విల్లు తగిలించి, తాడుతో కిందికి లాగుతూ దూరంగా నిలబడి చూస్తే రెండు రెక్కలూ ఎలా వంగుతున్నాయో తెలుస్తుంది. ఒక్క చోటే విరిగినట్టు వంగుతుంటే అక్కడ ఇక ముట్టకండి, మిగతా అంతా గీకండి. ఒక రెక్క గట్టిగా ఉంటే ఆ రెక్కనే గీకాలి. స్ప్రింగ్ త్రాసు తగిలించి బలం కొలుస్తూ, అనుకున్న కిలోలు దాటి ఎప్పుడూ లాగకూడదు. ఆత్రంతో ఒక్కసారి పూర్తిగా లాగి చూసినవాళ్ళ బద్దలే ఎక్కువ విరుగుతాయి.

అల్లెతాడుకు, అంటే విల్లు తాడుకు, పాతరోజుల్లో నారలు వాడేవాళ్ళు. అనంతపురం వైపు కిత్తనార ఇప్పటికీ దొరుకుతుంది, పేని చూడటం సరదాగా ఉంటుంది. రోజూ వాడకానికి మాత్రం పాలిస్టర్ దారం పన్నెండు నుంచి పదహారు పేటలు, మైనం రాసి పేనండి. నారకు తేమ తగిలితే బిగువు మారుతుంది, ఎండకు పెళుసవుతుంది, లాగి ఉన్నప్పుడు తెగితే విల్లూ పోతుంది. ఎక్కుపెట్టినప్పుడు విల్లుకూ తాడుకూ నడుమ 14 నుంచి 16 సెం.మీ. ఎడం ఉండాలి. బాణం లేకుండా తాడు లాగి వదలడం ఒక్కసారి కూడా వద్దు. బాణం మోయాల్సిన బలమంతా విల్లు మీదే పడి పగులుతుంది.

విల్లుకంటే బాణం చేయడమే కష్టం. ఒక విల్లు ఎలా ఉన్నా దానికి అలవాటు పడొచ్చు, కానీ ఆరు బాణాలూ ఒకే బరువు, ఒకే బిగువు లేకపోతే గురి మీద తప్పు మీదో బాణానిదో తెలియదు. మీ లాగుడు పొడవుకు (పూర్తిగా లాగినప్పుడు విల్లు నుంచి తాడుకు ఉండే దూరం) నాలుగు సెం.మీ. ఎక్కువ ఉండే, 8 మి.మీ. లావు వెదురు పుల్లలు ఇరవై తెచ్చి ఆరబెట్టండి, అందులో ఆరు జతపడితే అదృష్టమే. విల్లు బలం కిలోకు ఒకటిన్నర గ్రాము చొప్పున బరువు కనీసం ఉండాలి, పది కిలోల విల్లుకు పదిహేను గ్రాములు. అంతకంటే తేలికైతే తాడు ఖాళీగా వదిలినట్టే. మూడు ఈకలు, పది సెం.మీ. పొడవు, మూడూ ఒకే వైపు రెక్కవి. టర్కీ కోడి ఈకలో బాతు ఈకలో చాలు, అడవి పిట్టల ఈకల జోలికి పోవద్దు. కుడిచేత్తో లాగేవారికి బాణాలు వరుసగా ఎడమకు పోతుంటే పుల్ల మరీ బిగువు, కుడికి పోతుంటే మరీ మెత్తన. వేసే ముందు ప్రతిసారీ బాణాన్ని చెవి దగ్గర కొద్దిగా వంచి వినండి. చిటుకుమంటే విరిచి పారేయండి. చీలిన బాణం వదిలితే ఎడమచేతిలో దిగుతుంది.

గురికి యూరియా సంచిలో పాతబట్టలు కుక్కి కుట్టేయండి, మెత్తగా కాదు, తన్నితే కాలు నొప్పి పుట్టేంత గట్టిగా. వెనక మట్టిగట్టు ఉండాలి, దాని వెనక దారి ఉండకూడదు. మొదటి నెల ఐదు మీటర్ల నుంచే వేయండి. బాణానికి పైన ఒక వేలు, కింద రెండు. చూపుడువేలు ప్రతిసారీ పెదవి మూలకే తగలాలి. వదలడం అంటే వేళ్ళు తెరవడం కాదు, బిగింపు సడలించడం. వారానికి మూడు రోజులు, రోజుకు ముప్పై, నలభై బాణాలు. అలసిపోయాక వేసే బాణాలు తప్పునే నేర్పుతాయి. అరచేయంత చోట ఐదు బాణాలు పడుతుంటే పది మీటర్లకు జరగండి.

మే నెలలో విల్లును రేకుల గదిలోనో, మూసిన కారులోనో ఉంచితే ఎక్కువ ఎండి పగులుతుంది. తాడు దించి, అడ్డంగా రెండు మేకుల మీద, నీడ గదిలో పెట్టండి. వానాకాలంలో బలం కిలో దాకా తగ్గినట్టు అనిపిస్తుంది, గీకడం మొదలుపెట్టకండి, చలికాలానికి తిరిగి వస్తుంది.

విల్లుతో చేపను కొట్టడం గురించి కూడా ఒక ముక్క అడిగారు. మూడో ఏడాదికి ముందు వద్దు. చెరువు సంఘం ఒప్పుకోవాలి, ఒకసారి కొట్టిన చేపను వదలడం ఉండదు. పైనుంచి చూస్తే చేప అసలు లోతులో ముప్పావు దగ్గరే కనిపిస్తుంది కాబట్టి కనిపించేదానికి కిందికి గురిపెట్టాలి, వాలుగా చూసేకొద్దీ ఇంకా కిందికి. బాణానికి కట్టిన తాడు కాలికో మణికట్టుకో చుట్టుకుంటే ప్రమాదం.

మీ అబ్బాయికి తొమ్మిదేళ్ళు, ఇద్దరూ కలిసే మొదలుపెట్టొచ్చు. గాలానికి రెండున్నర మీటర్ల కర్ర, 12 నంబరు కొక్కెం, పరిగెలు. గంటలో పది పడతాయి, పిల్లలకు అది కావాలి. నీటి దగ్గర లైఫ్ జాకెట్ తీయకూడదు. విల్లు నాలుగైదు కిలోల బలం, 110 సెం.మీ. పొడవు, బాణానికి మొద్దు కొన. ఇద్దరూ ఒకే గీత మీద నిలబడి వేయాలి. ఇద్దరి విల్లులూ నేల మీద పెట్టాకే బాణాలు తేవడానికి కలిసి నడవాలి, ఒకరు వేస్తుండగా ఇంకొకరు గీత దాటకూడదు. ఆ ఒక్క నియమం తప్పితే ఆ రోజుకు విల్లు లోపల పెట్టేయండి, తప్పింది మీరైనా సరే.